లినక్స్‌లో నెట్ రాకపోతే ఎక్కడ తెగిందో పట్టుకోవడం ఎలా? వైఫైకీ కేబుల్‌కీ పనికొచ్చే మెట్లు

"మింట్ వేసుకున్నాను, వైఫై గుర్తే కనబడటం లేదు." "వైఫై కనెక్టెడ్ అంటోంది గానీ ఒక్క పేజీ తెరుచుకోదు." "నిన్నటిదాకా బాగానే ఉంది, అప్‌డేట్ చేశాక పోయింది." ఈ మూడు ప్రశ్నలూ తిప్పి తిప్పి వస్తూనే ఉంటాయి. అడిగేవాళ్లు మూడింటినీ ఒకే గాటన కట్టి "నెట్ రావట్లేదు" అంటారు. మొదటిది చాలావరకు డ్రైవర్, అంటే కార్డుని నడిపే ప్రోగ్రామ్ గొడవ. రెండోది ఎక్కువసార్లు సైటు పేరుని అంకెల అడ్రస్‌గా మార్చే డిఎన్‌ఎస్ దగ్గర తేలుతుంది. మూడోది లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ మారడం వల్ల వచ్చేది. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే రోగం రెట్టింపవుతుంది.

అందుకే ఎక్కడో చూసిన కమాండ్లు వరసగా అతికించకండి. మీ కంప్యూటర్ నుంచి బయటి ప్రపంచం దాకా ఆరు మజిలీలున్నాయి: కార్డు, కనెక్షన్, అడ్రస్, రౌటర్, బయటి నెట్, పేర్లు వెతికే డిఎన్‌ఎస్. దగ్గరి మజిలీతో మొదలుపెట్టి ఒక్కొక్కటే దాటుతూ వెళ్తే ఎక్కడ తెగిందో అదే బయటపడుతుంది. తెగిన చోటు తెలిసేదాకా ఏ సెట్టింగూ మార్చకండి. మార్చినప్పుడు కూడా ఒక్కటే మార్చి, చూసి, పని చేయకపోతే వెనక్కి పెట్టి, ఆ తర్వాతే ఇంకోటి.

ఇక్కడ చెప్పేవి ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా లాంటి, నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ వాడే డెస్క్‌టాప్‌లకు. డెబియన్ మీద కట్టిన బాస్ లినక్స్‌లోనూ దాదాపు ఇంతే.

దగ్గర పెట్టుకోవలసినవి

- డేటా నడిచే యుఎస్‌బి కేబుల్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుల్ ఇక్కడ పనికిరాదు.
- బాగా పని చేస్తుందని తెలిసిన ల్యాన్ కేబుల్ ఒకటి. ఇంట్లో లేకపోతే పక్కింటివాళ్లని అడగండి.
- రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ ఫొటో. అడ్రస్, పాస్‌వర్డ్ అందులోనే ఉంటాయి.
- అడ్మిన్ పనులకు అడిగే మీ సుడో పాస్‌వర్డ్.
- కాగితం, పెన్ను. ఏం మార్చారో రాసుకోవడానికి. నవ్వకండి, అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది ఇదే.

కమాండ్లను పలికే తీరులోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను. "మైనస్" అంటే అడ్డగీత. దాని తర్వాతి అక్షరాన్ని దానికి అంటించి కొట్టాలి.

1. తప్పు మీ కంప్యూటర్‌దేనా?

ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫైకి కలిపి ఏదైనా పేజీ తెరవండి. మొబైల్ డేటా ఆపడం మరిచిపోతే ఫోన్ చల్లగా దాని మీదికి మారిపోతుంది, వైఫై బాగుందని మీరు పొరబడతారు.

ఫోన్‌లో కూడా రాకపోతే ఫైబర్ పెట్టె లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. తీగ ఎక్కడో మెలిపడింది, లేదా తెగింది. కేబుల్ అతనికి ఫోన్ చేయండి. మీ లినక్స్‌తో దానికి సంబంధం లేదు. ఎర్ర లైటు లేకపోతే పెట్టెనీ రౌటర్‌నీ ఆపి, ఒక నిమిషం ఆగి, ముందు ఫైబర్ పెట్టె, తర్వాత రౌటర్ వేసి చూడండి.

ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతేనే కిందికి రండి.

2. తాత్కాలికంగా నెట్ తెచ్చుకోండి

డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. ఈ చిక్కుముడి దగ్గరే చాలామంది విసిగిపోయి మళ్లీ విండోస్ వేసుకుంటారు. ఫోన్‌ని యుఎస్‌బితో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ కింద ఉండే యుఎస్‌బి టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని కేబుల్ నెట్‌వర్క్‌గా చూసి, ఏ డ్రైవరూ అడక్కుండా కలుపుకుంటుంది. ఫోన్ వైఫైలో ఉంటే ఆ వైఫై నెట్టే కంప్యూటర్‌కి కూడా వస్తుంది, మీ మొబైల్ డేటా ఖర్చు కాదు.

టెథరింగ్ బటన్ నొక్కడానికి వీలు లేకుండా మసగ్గా ఉంటే నూటికి తొంభై పాళ్లు కేబుల్‌దే తప్పు.

పని అయ్యాక ఫోన్ తీసేయడం మరవకండి. అది ఉండగా వైఫై పరీక్షిస్తే ఏ దారిన నెట్ వస్తోందో తెలియదు.

3. కార్డు కనబడుతోందా?

టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

"ఎన్‌ఎంసిఎల్‌ఐ డివైస్"

ఒక చిన్న పట్టిక వస్తుంది. "ఇ" అక్షరంతో మొదలయ్యే పేరు కేబుల్ కార్డుది, "డబ్ల్యు"తో మొదలయ్యేది వైఫైది. "ఎల్‌ఓ" అనేది కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే దారి, దాన్ని పట్టించుకోకండి. పేరు కాగితం మీద రాసుకోండి, ముందు ముందు కావాలి. పేరు పక్కన ఉండే స్థితిని బట్టి మీ దారి:

- కనెక్టెడ్: కార్డు, కనెక్షన్ బాగున్నాయి. నేరుగా 7వ మెట్టుకి వెళ్లండి.
- డిస్‌కనెక్టెడ్: కార్డు సిద్ధంగా ఉంది, ఎవరితోనూ కలవలేదు. వైఫై అయితే 5, కేబుల్ అయితే 6.
- అనవైలబుల్: కేబుల్ వరసలో ఇది ఉంటే తీగ పెట్టలేదు, లేదా అవతలి కొస నుంచి సిగ్నల్ లేదు, 6వ మెట్టు. వైఫై వరసలో ఉంటే రేడియో ఆగిపోయింది, లేదా కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్ లేదు. 4వ మెట్టు.
- అన్‌మేనేజ్డ్: నెట్‌వర్క్‌మేనేజర్‌ని ఆ కార్డు జోలికి వెళ్లొద్దని ఎవరో ఏదో ఫైల్లో రాశారు.
- వైఫై వరసే లేదు: డ్రైవర్ లేదు. ఇదీ 4వ మెట్టే.

అన్‌మేనేజ్డ్ సంగతి ఇక్కడే ముగిద్దాం. డెబియన్ బాపతు వాటిలో సెట్టింగ్ ఫైళ్లుండే ఇటిసి ఫోల్డర్ కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలు ఉంటుంది. అందులో మీ కార్డు పేరుంటే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని ముట్టుకోదు. ఫైలుకి నకలు తీసి పెట్టుకుని, ఆ కార్డు వరసల ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీస్టార్ట్ చేయండి. "ఎల్‌ఓ" వరసలు మాత్రం అలాగే ఉంచండి. సర్వర్ ఉబుంటు వేసి దానిపై డెస్క్‌టాప్ ఎక్కించినవాళ్లకైతే ఇటిసి కింద నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లోని ఫైల్లో రెండరర్ అనే మాట ఎదురుగా నెట్‌వర్క్‌మేనేజర్ అని ఉందో లేదో చూసుకోవాలి. ఆ మాటలో ఎన్, ఎం పెద్ద అక్షరాలు.

4. వైఫై అసలు లేకపోతే

ముందు తేలికైనది:

"ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్"

సాఫ్ట్ బ్లాక్డ్ ఎదురుగా ఎస్ (అవును) ఉంటే "సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై" కొడితే పోతుంది. హార్డ్ బ్లాక్డ్ ఎదురుగా ఎస్ ఉంటే ఏ కమాండూ దాన్ని తీయలేదు. పాత ల్యాప్‌టాప్‌లకు పక్కనో ముందు అంచునో ఒక చిన్న మీట ఉంటుంది. లేకపోతే ఎఫ్‌ఎన్ మీటతో పాటు విమానం బొమ్మ ఉన్న మీట నొక్కాలి. ఫంక్షన్ మీటల వరసలో విమానం బొమ్మ అరిగిపోయి కనబడకపోవడం మామూలే. వరసంతా ఒకసారి దగ్గరగా చూడండి.

ఆర్‌ఎఫ్‌కిల్‌లో వైఫై (వైర్‌లెస్ ల్యాన్) మాటే లేకపోతే కార్డు ఏ కంపెనీదో తెలుసుకోవాలి:

"ఎల్‌ఎస్‌పిసిఐ మైనస్ ఎన్‌ఎన్‌కె"

యుఎస్‌బికి గుచ్చే డాంగిల్ అయితే "ఎల్‌ఎస్‌యుఎస్‌బి". మొదటి కమాండ్ ఇచ్చే పెద్ద జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉన్న చోటు వెతకండి. దాని కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే వరస ఉందా? ఉంటే డ్రైవర్ ఎక్కింది, ఫర్మ్‌వేర్ దగ్గర ఆగి ఉండొచ్చు. లేకపోతే డ్రైవరే లేదు. ఫర్మ్‌వేర్ సంగతి "సుడో డిమెసేజ్" తెరలో తేలుతుంది. స్పెల్లింగ్ డి, ఎం, ఇ, ఎస్, జి. "ఫర్మ్‌వేర్" మాట పక్కన "ఫెయిల్డ్" కనబడితే లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ అప్‌డేట్ చేయండి. డెబియన్‌లో ఇది చాలా ఏళ్లు పెద్ద తలనొప్పిగా ఉండేది, స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లో పెట్టేవారు కాదు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. పాత డెబియన్ డిస్కుతో కుస్తీ పడుతుంటే, కొత్తది దించుకోవడం అన్ని విధాలా మేలు.

కంపెనీ పేరును బట్టి:

ఇంటెల్ అయితే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్, పాత లినక్స్ అయితేనే ఇబ్బంది. కొత్త కెర్నల్ వేయండి.

బ్రాడ్‌కామ్ అయితే ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిచి, అది చూపించిన బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఎంచుకోండి. ఫెడోరాలో ఆర్‌పిఎం ఫ్యూజన్ నుంచి తెచ్చుకోవాలి. పాత మ్యాక్‌బుక్‌ల మీద లినక్స్ వేసేవాళ్లంతా దాదాపు ఈ దారినే రావాలి.

రియల్‌టెక్ అయితే ముందు కెర్నల్ కొత్తదేమో చూడండి. ఒకప్పుడు బయటి నుంచి తెచ్చి కట్టుకోవలసిన (కంపైల్ చేసుకోవలసిన) చాలా రియల్‌టెక్ చిప్పులకు ఇప్పుడు కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంది. పాత వ్యాసాలు చూసి అనవసరంగా డ్రైవర్ కట్టుకుంటే రెండు డ్రైవర్లు కొట్టుకుంటాయి.

డాంగిళ్లలో ఒక వింత ఉంది. కొన్ని గుచ్చగానే వైఫై కార్డులా కాక, విండోస్ డ్రైవర్ ఉన్న చిన్న సిడిలా కనబడతాయి. ఎల్‌ఎస్‌యుఎస్‌బిలో రియల్‌టెక్ డిస్క్ అని వస్తే ఇదే సంగతి. డెస్క్‌టాప్‌లో వచ్చిన ఆ సిడి గుర్తుని ఎజెక్ట్ చేయండి, చాలాసార్లు చాలు. కాకపోతే యుఎస్‌బి మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేయండి. కొత్తగా కొనేవాళ్లకు నా మాట: పెట్టె మీద కంపెనీ పేరు చూడొద్దు, లోపలి చిప్పు చూడండి. మీడియాటెక్ ఎంటి7612యు, ఏథరోస్ ఎఆర్9271 చిప్పులున్నవి డ్రైవర్ వేట లేకుండా నడుస్తాయి. రెండోది 2.4 గిగాహెర్ట్జ్‌కే పరిమితం.

ఇక్కడ జరిగే మూడు పొరపాట్లు

సెక్యూర్ బూట్. అంటే సంతకం లేని డ్రైవర్లను ఎక్కనివ్వని రక్షణ. బయటి డ్రైవర్ వేసేటప్పుడు ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలిరంగు తెర వచ్చి ఎంఓకె మేనేజ్‌మెంట్ అని అడుగుతుంది. చాలామంది కంగారుపడి కంటిన్యూ బూట్ నొక్కేస్తారు. అంతే, డ్రైవర్ వేసినా ఎక్కదు. ఆ తెరలో ఎన్‌రోల్ ఎంఓకె ఎంచుకుని, ఇందాక పెట్టిన పాస్‌వర్డే కొట్టాలి. తెర వచ్చేది ఒక్కసారే. పోగొట్టుకుంటే ఆ డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి, మళ్లీ అడుగుతుంది.

విండోస్ ఫాస్ట్ స్టార్టప్. విండోస్, లినక్స్ రెండూ ఉన్నవాళ్లకు. విండోస్ షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగదు, కార్డుని సగం నిద్రలో వదిలేస్తుంది. లినక్స్‌లోకి రాగానే వైఫై ఉండదు, ఒక్కోసారి కేబుల్ కూడా. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. పరీక్ష తేలికే: విండోస్‌లో షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి లినక్స్‌లోకి వస్తే వైఫై ఉందంటే కారణం ఇదే.

అప్‌డేట్ తర్వాత పోవడం. కెర్నల్ మారింది, బయటి నుంచి కట్టిన డ్రైవర్ కొత్త కెర్నల్‌కి కట్టుబడలేదు. రీస్టార్ట్‌లో బూట్ ఎంపికలు చూపే గ్రబ్ మెనూ తెచ్చుకుని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఎంచుకోండి. మెనూ రాకపోతే బూట్ అవుతున్నప్పుడు ఎస్కేప్ నొక్కాలి. పాతదాంట్లో వైఫై వస్తే మీ నిర్ధారణ పక్కా. అక్కడి నుంచే డ్రైవర్ ప్యాకేజీ మళ్లీ వేసుకోండి. పాత కెర్నళ్లన్నీ తీసేసి డిస్కు ఖాళీ చేసుకోమనే సలహా వినకండి, కనీసం ఒక్కటైనా ఉంచుకోండి.

5. వైఫై కనబడుతోంది, కలవడం లేదు

పాస్‌వర్డ్ సరైనదే అని మీరు ఒట్టేసినా నేను నమ్మను, ముందు ఒకటి చూడండి: పైన పట్టీలో కీబోర్డు భాష ఏముంది? తెలుగు ఇన్‌స్క్రిప్ట్ మీద ఉండి పాస్‌వర్డ్ కొడితే చుక్కలు మాత్రం ఎప్పటిలాగే పడుతుంటాయి, లోపల పడేవి తెలుగు అక్షరాలు. షో పాస్‌వర్డ్ నొక్కి కళ్లారా చూసి కలపండి. తెలుగులో రాసేవాళ్ల యంత్రాల్లో దీన్ని మించిన కారణం నాకు కనబడలేదు.

అదీ కాకపోతే ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి కొత్తగా కలపండి. రౌటర్ పాస్‌వర్డ్ మార్చిన తర్వాత పాతదే పట్టుకుని వేలాడుతుండటం దీనితో పోతుంది.

కొన్నేళ్ల కిందటి కార్డులు డబ్ల్యుపిఎ3తో తడబడతాయి. రౌటర్ పేజీలో సెక్యూరిటీని డబ్ల్యుపిఎ2కి మార్చి చూడండి. భద్రత పూర్తిగా తీసేసి ఓపెన్ పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు, పరీక్షకైనా సరే.

అన్ని ఫోన్లకూ కనబడే నెట్‌వర్క్ మీ ల్యాప్‌టాప్‌కి కనబడకపోతే అది 5 గిగాహెర్ట్జ్‌ది కావచ్చు. పేరు చివర చాలాసార్లు 5జి అని ఉంటుంది. ఫోన్లలో వచ్చే 5జికీ దీనికీ చుట్టరికం లేదు. పాత చవక కార్డులకు 2.4 మాత్రమే అందుతుంది. "ఎన్‌ఎంసిఎల్‌ఐ డివైస్ వైఫై లిస్ట్" కొడితే ఛానెల్ నంబర్లు కనబడతాయి. మీ ఇంటివీ పక్కింటివీ అన్నీ 1 నుంచి 13 లోపే ఉండి, 36, అంతకు మించినవి ఒక్కటీ లేకపోతే మీ కార్డు 5 గిగాహెర్ట్జ్ చూడలేదన్న అనుమానం బలపడుతుంది.

అమెరికా నుంచి ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ 2.4లో వాడేది 11 ఛానెళ్లు, మన దేశంలో 13. రౌటర్ తనంతట తాను 12కో 13కో మారితే ల్యాప్‌టాప్‌కి అది కనబడకుండా పోతుంది. అప్పుడప్పుడూ మాయమై మళ్లీ వచ్చే వైఫైకి ఇదో కారణం. రౌటర్‌లో ఛానెల్‌ని 1, 6, 11లో ఒకదానికి కట్టేస్తే సరి.

హాస్టల్లో, ఆఫీసులో కార్డు నంబరు, అంటే మ్యాక్ అడ్రస్ నమోదు చేసే పద్ధతి ఉంటే ఫెడోరా 40, ఆపై వాడేవాళ్లు గమనించండి. అక్కడి నుంచి ఒక్కో వైఫైకి ఒక్కో మారు అడ్రస్ ఇవ్వడం మామూలైంది. కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఐడెంటిటీ ట్యాబ్‌లో క్లోన్డ్ అడ్రస్‌ని పర్మనెంట్‌కి మార్చండి.

6. కేబుల్ పెట్టినా పలకడం లేదు

పోర్టు పక్కన లైట్లు వెలుగుతున్నాయా? లేకపోతే ఆ తీగ పక్కన పెట్టి, పని చేస్తుందని తెలిసిన తీగ పెట్టండి. అదీ వెలగకపోతే రౌటర్‌లో ఇంకో పోర్టు మార్చండి. సాఫ్ట్‌వేర్ జోలికి ఆ తర్వాతే.

లైటు వెలిగి, నెట్ నెమ్మదిగా ఉంటే:

"సుడో ఈథ్‌టూల్" అని కొట్టి, ఖాళీ వదిలి, మీ కార్డు పేరు.

స్పీడ్ ఎదురుగా 1000 ఉండాల్సిన చోట 100 ఉంటే తీగ మీద అనుమానపడండి. గిగాబిట్‌కి లోపలి 8 తీగలూ కావాలి. 100కి 4 చాలు. కొసన క్లిప్పు సరిగా నొక్కకపోయి ఒక్క తీగ అందకపోయినా లింకు చప్పుడు లేకుండా 100కి దిగిపోవచ్చు. 300 ఎంబిపిఎస్ ప్లాను కట్టి 90 దగ్గర ఆగిపోయే వాళ్లందరూ ముందు ఈ వరస చూడాలి. రౌటర్ పోర్టే 100ది అయితే మాత్రం తీగ మార్చి లాభం లేదు.

రౌటర్ లేకుండా కేబుల్ అతను ఇచ్చిన తీగ నేరుగా కంప్యూటర్‌కి పెట్టుకునేవాళ్లకు రెండు సంగతులు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే అది పిపిపిఓఇ అనే లాగిన్ పద్ధతి కావచ్చు. అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్‌లో ప్లస్ నొక్కి డిఎస్‌ఎల్ రకం ఎంచుకుని అవి రాయండి. పాత కంప్యూటర్‌కి నడిచి కొత్తదానికి నడవకపోతే వాళ్లు మ్యాక్ అడ్రస్ కట్టేసి ఉంటారు. ఫోన్ చేసి కొత్తది చెప్పండి.

7. అడ్రస్ వచ్చిందా?

"ఐపి అడ్రస్"

మీ కార్డు కింద "ఇనెట్" పక్కన ఉన్న అంకెలు చూడండి. 192.168తోనో 10తోనో మొదలైతే చాలావరకు మంచిదే. 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదు, కంప్యూటర్ తనకు తానే ఒకటి తగిలించుకుంది. రౌటర్‌ని ఆపి వేయండి, కనెక్షన్ ఆపి మళ్లీ కలపండి.

ఇల్లు మారినవాళ్లూ రౌటర్ మార్చినవాళ్లూ ఇంకొకటి చూడాలి. ఎప్పుడో ప్రింటర్ కోసమో సినిమాల డబ్బా కోసమో మాన్యువల్ అడ్రస్ పెట్టుకుని ఉంటారు. రౌటర్ 192.168.1.1 అయినప్పుడు అది నడిచింది. జియోఫైబర్ పెట్టెలు మామూలుగా 192.168.29.1 మీద ఉంటాయి, కొన్ని టిపి-లింక్‌లు 192.168.0.1 మీద. మూడో అంకె కలవకపోతే ఒకరి మాట ఒకరికి వినబడదు. ఐపివి4 ట్యాబ్‌లో ఆటోమేటిక్ చేసి, కనెక్షన్ ఆపి వేయండి. సెట్టింగ్ మార్చి కనెక్షన్ ఆపి వేయకపోతే పాతదే నడుస్తూ ఉంటుంది, మార్పు పని చేయలేదని మీరు ఇంకేదో కెలుకుతారు.

8. మూడు పింగులు

ముందు "ఐపి రూట్" కొట్టండి. డిఫాల్ట్ వయా పక్కన ఉన్న అంకెలే మీ రౌటర్ అడ్రస్. తర్వాత, అవతలివాళ్లు పలుకుతున్నారా అని తట్టి చూసే పింగ్, వరసగా:

1) "పింగ్ మైనస్ సి 4", ఖాళీ, రౌటర్ అడ్రస్
2) "పింగ్ మైనస్ సి 4 8.8.8.8" (బయటి నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్)
3) "పింగ్ మైనస్ సి 4", ఖాళీ, గూగుల్ డాట్ కామ్

మొదటిదే పలకకపోతే మీకూ రౌటర్‌కీ మధ్య తెగింది, 5కో 6కో 7కో వెనక్కి వెళ్లండి. మొదటిది పలికి రెండోది పలకకపోతే రౌటర్ అవతల తెగింది. లేదా మీ కంప్యూటర్ తప్పు దారిన వెళ్తోంది. రెండూ పలికి మూడోది పలకకపోతే డిఎన్‌ఎస్, 9వ మెట్టు. మూడూ పలికి బ్రౌజర్ మాత్రం తెరవకపోతే 10.

తప్పు దారి అంటే: "ఐపి రూట్"లో డిఫాల్ట్ వరసలు రెండు ఉన్నాయా? కేబుల్, వైఫై రెండూ కలిసి ఉంటే మెట్రిక్ అంకె చిన్నది ఉన్న దారే గెలుస్తుంది. మామూలుగా కేబుల్‌కి 100, వైఫైకి 600. ఆఫీసు ప్రింటర్ కోసం పెట్టిన కేబుల్‌లో నెట్ లేకపోయినా అంతా దాని మీదికే పోతుండవచ్చు. ఒకటి తీసి చూడండి. మధ్యలో ఆగిపోయిన విపిఎన్ కూడా ఇదే వేషం వేస్తుంది.

కాలేజీ, హోటల్, విమానాశ్రయం వైఫైలో అయితే లాగిన్ పేజీ రాకపోయినా ఇలాగే ఉంటుంది. బ్రౌజర్‌లో అడ్రస్ బదులు రౌటర్ అంకెలు కొడితే చాలాసార్లు ఆ పేజీ బయటపడుతుంది.

9. డిఎన్‌ఎస్

ఉబుంటు, మింట్, ఫెడోరాల్లో "రిజాల్వ్‌సిటిఎల్ స్టేటస్" కొడితే మీ కార్డు కింద డిఎన్‌ఎస్ సర్వర్లు కనబడతాయి. మార్చడానికి కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఐపివి4 ట్యాబ్‌లో డిఎన్‌ఎస్ ఆటోమేటిక్‌ని ఆపి 1.1.1.1, 8.8.8.8 అని రాయండి. కనెక్షన్ ఆపి వేయండి. మళ్లీ మూడో పింగ్.

ఇక్కడ అందరూ చేసే తప్పు: ఇటిసిలోని రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచి, అందులో 127.0.0.53 ఉండటం చూసి, ఇదేదో తప్పు అడ్రస్ అని చెరిపి 8.8.8.8 రాయడం. ఆ 127.0.0.53 తప్పు కాదు, మీ కంప్యూటర్‌లోనే ఉన్న సిస్టమ్‌డి సేవ అది. ప్రశ్న తీసుకుని అసలు సర్వర్‌ని అడిగి చెబుతుంది. మీరు రాసింది అప్పటికి నడిచినా రీస్టార్ట్ కాగానే చెరిగిపోతుంది. రోజూ రాయలేక కొందరు ఆ ఫైలుకి తాళం వేస్తారు, అప్పుడు విపిఎన్ కూడా చెడుతుంది.

ఇంకో తమాషా. ఫైర్‌ఫాక్స్‌లో అన్నీ తెరుచుకుంటాయి, ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్ (ఎ, పి, టి) అప్‌డేట్ మాత్రం "టెంపరరీ ఫెయిల్యూర్ రిజాల్వింగ్" అంటుంది. బ్రౌజర్‌లో సొంత డిఎన్‌ఎస్ ఆన్ అయి ఉంటే ఇలా అవుతుంది. కంప్యూటర్ డిఎన్‌ఎస్ చెడిందన్న సంగతిని బ్రౌజర్ మీకు తెలియకుండా దాచింది. అందుకే పరీక్షకి బ్రౌజర్‌ని నమ్మకండి, పింగ్‌ని నమ్మండి.

10. పింగ్ బాగుంది, పేజీలు రావు

తేదీ చూడండి. పాత కంప్యూటర్‌లో బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. సర్టిఫికెట్ల తేదీ కుదరక ప్రతి సైటూ ప్రమాదకరం అంటుంది.

ప్రాక్సీ చూడండి. కాలేజీలో పెట్టుకున్నది ఇంటికొచ్చాక కూడా ఉండిపోతుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో తీసేస్తే సగమే తీసినట్టు. ఇటిసిలోని ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో, ఆప్ట్ ఫోల్డర్‌లో కూడా ప్రాక్సీ వరసలు వెతకండి.

కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తిరుగుతూ ఉండిపోతే ఎంటియు, అంటే ఒక్క ప్యాకెట్‌లో (డేటా మూటలో) పట్టే గరిష్ఠ పరిమాణం చూడండి, ముఖ్యంగా పిపిపిఓఇ ఉన్నవాళ్లు. "పింగ్ మైనస్ పెద్ద ఎం డూ మైనస్ ఎస్ 1472 8.8.8.8" పలకకుండా, అదే 1464తో పలికితే మీ దారిలో 1492 కంటే పెద్ద ప్యాకెట్ పట్టదు. కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఎంటియు 1492 పెట్టండి.

ఐపివి6ని శాశ్వతంగా ఆపేయమనే సలహా చాలా చోట్ల ఉంటుంది. పరీక్షగా ఒక పది నిమిషాలు ఆపి చూడండి. తేడా లేకపోతే తిరిగి పెట్టేయండి.

11. మాటిమాటికీ తెగే వైఫై

మొదటి అనుమానం పవర్ సేవింగ్ మీద. ఉబుంటు, మింట్‌లలో ఇటిసి, నెట్‌వర్క్‌మేనేజర్, కాన్ఫ్.డి ఫోల్డర్‌లో "పవర్‌సేవ్" పేరున్న ఫైల్లో వైఫై.పవర్‌సేవ్ = 3 అని ఉంటుంది. 3ని 2 చేసి, "సుడో సిస్టమ్‌సిటిఎల్ రీస్టార్ట్ నెట్‌వర్క్‌మేనేజర్" కొట్టండి. ఇందులోనూ ఎన్, ఎం పెద్దవి. బ్యాటరీ కాస్త ముందు అయిపోతుంది, తెలిసి మార్చండి.

డాంగిల్ వాడుతూ పక్కనే యుఎస్‌బి 3 హార్డ్‌డిస్క్ పెట్టారా? యుఎస్‌బి 3 తీగల నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది. డాంగిల్‌ని ఎక్స్‌టెన్షన్ తీగతో మూరెడు దూరం జరపండి.

నిజంగా బాగైందా?

పేజీ ఒకటి తెరుచుకోగానే సంబరపడొద్దు. రీస్టార్ట్ చేయండి, మూడు పింగులూ మళ్లీ కొట్టండి. ల్యాప్‌టాప్ మూత మూసి ఐదు నిమిషాలాగి తెరవండి. నిద్ర నుంచి లేచాక వైఫై రాకపోవడం వేరే జబ్బు, ఇప్పుడే బయటపడటం మంచిది. విండోస్ కూడా ఉంటే అందులోకి వెళ్లి తిరిగి రండి. నాలుగూ నెగ్గితే, పరీక్ష కోసం మార్చి వదిలేసినవి కాగితం చూసి వెనక్కి పెట్టండి.

ఇంకా రాకపోతే ఎవరినైనా అడిగేటప్పుడు "నెట్ రావట్లేదు" అని మాత్రమే రాయకండి. ఏ లినక్స్, ఏ వెర్షన్, 3వ మెట్టు పట్టిక, ఎల్‌ఎస్‌పిసిఐలో కార్డు వరసలు, మూడు పింగుల ఫలితం, చివరగా "జర్నల్‌సిటిఎల్ మైనస్ బి మైనస్ యు నెట్‌వర్క్‌మేనేజర్" (ఎన్, ఎం పెద్దవి) చివరి ముప్పై వరసలు పెట్టండి. తెర ఫొటో కాదు, అక్షరాలు కాపీ చేసి పెట్టండి. పెట్టే ముందు వైఫై పేరు, మ్యాక్ అడ్రస్ చెరిపేయండి.